వంతెనలు కూల్చిన 341వ దళం క్షిపణుల కాపలాకి ఎలా వచ్చింది?

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో గ్రేట్ ఫాల్స్ అని ఒక ఊరుంది. దాన్ని ఆనుకుని మాల్మ్‌స్ట్రోమ్ వైమానిక స్థావరం ఉంది. పేరుకి వైమానిక స్థావరమే కానీ, అక్కడి రన్‌వేని 1996 చివర్లో మూసేశారు. ఇప్పుడు అక్కడ తిరిగేవి హెలికాప్టర్లే. ఆ స్థావరంలో ఉండే దళం పేరు 341వ మిస్సైల్ వింగ్. ఖండాలు దాటి వెళ్ళే అణు క్షిపణులు అమెరికా నేల కింద దాదాపు 400 ఉన్నాయి. వాటిని చూసుకునే దళాలు మూడే మూడు. ఒకటి నార్త్ డకోటాలోని మైనాట్‌లో, ఒకటి వయోమింగ్‌లోని ఎఫ్.ఇ. వారెన్ స్థావరంలో ఉన్నాయి. మూడోది ఇదే.

ఈ దళం చరిత్ర చదవబోతే మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఇది పుట్టింది కరాచీలో, 1942 సెప్టెంబరులో. అంటే దేశం ఇంకా ముక్కలు కాని రోజుల్లో, మన ఉపఖండంలో. తొలి రోజుల్లో పనిచేసిన చోట్లు ఇప్పటి జార్ఖండ్‌లోని చకులియా, పశ్చిమ బెంగాల్‌లోని అండాల్, ఢాకా పక్కనున్న కుర్మిటోలా. అప్పుడు దాని పేరు 341వ బాంబార్డ్‌మెంట్ గ్రూప్. చేతిలో ఉన్నవి రెండు ఇంజిన్ల బి-25 మిచెల్ బాంబర్లు. బాంబులు వేసింది బర్మాలోని రైలు వంతెనల మీద.

చకులియాలో ప్రొపెల్లర్ విమానాలతో మొదలైన దళం మోంటానా గోధుమ చేల కింద క్షిపణులకు కాపలా కాసే దళం ఎలా అయింది? ఇది అర్థం కావాలంటే ముందు అమెరికా సైన్యంలో నంబర్ల పద్ధతి తెలియాలి. అక్కడ ఒక దళాన్ని రద్దు చేసినా దాని నంబరు, పాల్గొన్న యుద్ధాల జాబితా, వచ్చిన గౌరవాలు రికార్డుల్లో భద్రంగా ఉంటాయి. ఎన్నో ఏళ్ళ తర్వాత కొత్త దళం కావాల్సి వస్తే ఆ పాత నంబరు తీసి ఇస్తారు, దాంతోపాటు పాత చరిత్ర కూడా వచ్చేస్తుంది. మన ఇళ్ళలో తాతగారి పేరు మనవడికి పెట్టినట్టన్నమాట. తాత వ్యవసాయం చేసి ఉండొచ్చు, మనవడు సాఫ్ట్‌వేర్‌లో ఉండొచ్చు. పేరు మాత్రం ఒక్కటే. ఇంకో సంగతి. కొన్ని విమానాలు కలిస్తే స్క్వాడ్రన్, కొన్ని స్క్వాడ్రన్లు కలిస్తే గ్రూప్. వింగ్ అంటే అంతకన్నా పెద్దది, స్థావరం నడిపే సిబ్బందితో సహా. 341 కథలో ఈ మూడూ వస్తాయి. వాటిలో 490వ స్క్వాడ్రన్ నంబరుని గుర్తుపెట్టుకోండి, చివరిదాకా మనతో నడిచేది అదే.

రంగం దారి

ఉత్తరాంధ్రలో, గోదావరి జిల్లాల్లో పాత తరం వాళ్ళు రంగూన్‌ని 'రంగం' అనేవారు. బియ్యం మిల్లుల్లో, ఓడరేవులో పని కోసం మనవాళ్ళు వేల సంఖ్యలో అక్కడికి వెళ్ళారు. కోరంగి రేవు పేరు మీద బర్మా వాళ్ళు మనవాళ్ళని 'కోరంగీలు' అని పిలిచేవారు. 1941 డిసెంబరులో జపాన్ రంగూన్ మీద బాంబులు వేసింది, 1942 మార్చిలో ఆ నగరాన్ని పట్టుకుంది. లక్షల మంది భారతీయులు అడవులు, కొండలు దాటి నడుచుకుంటూ వెనక్కి వచ్చారు. దారిలో ఎంతమంది పోయారో. ఆ ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద కూడా జపాన్ బాంబులు పడ్డాయి. 341వ గ్రూప్ పుట్టుకకి నేపథ్యం ఇదే. బర్మా జపాన్ చేతిలో ఉంది, తర్వాతి వంతు భారతదేశానిదేమో అని అందరికీ భయం.

బర్మాలో జపాన్ సైన్యానికి కావాల్సిన సరుకంతా రంగూన్ రేవులో దిగేది. అక్కడి నుంచి మండలే మీదుగా ఉత్తరానికి రైల్లో వెళ్ళేది. ఆ రైలు దారిని తెంపేస్తే ముందు వరసలో ఉన్న సైనికుడికి తిండీ ఉండదు, తూటా ఉండదు. దారిలో పట్టాలు పీకేస్తే రాత్రికి రాత్రి మళ్ళీ వేసేసేవారు. నది మీద వంతెన కూలిస్తే మాత్రం వారాలు పడుతుంది. అందుకే గురి వంతెనల మీద పెట్టారు.

చెప్పడం తేలిక. పైనుంచి చూస్తే వంతెన ఒక సన్నని గీత. ఎక్కువ ఎత్తు నుంచి బాంబులు వేస్తే అటో ఇటో నదిలో పడేవి. సరే అని బాగా కిందికి దిగి, నేలకి సమాంతరంగా ఎగురుతూ వేస్తే ఇంకో చిక్కు. విమానం వేగం బాంబుకీ ఉంటుంది కదా, అది దాదాపు అడ్డంగా వచ్చి తగిలి, చెరువులో విసిరిన పెంకులా గెంతి, వంతెన దాటిపోయి పేలేది. 490వ స్క్వాడ్రన్ నెలల తరబడి దీంతో కుస్తీ పట్టింది. పైలట్లు తుపాకుల గుండా దూసుకెళ్ళి, ప్రాణాలు పణంగా పెట్టి బాంబులు వేసి తిరిగి చూస్తే వంతెన చెక్కు చెదరకుండా ఉండేది.

పరిష్కారం అనుకోకుండా దొరికింది. 1944 జనవరి 1న మూ నది మీద వంతెన దగ్గర మేజర్ రాబర్ట్ ఎర్డిన్ తన బి-25తో కిందికి వచ్చాడు. ఎదురుగా అడ్డం కనపడేసరికి చటుక్కున విమానాన్ని పైకి లేపి, మళ్ళీ ముక్కు కిందికి వంచి బాంబులు వదిలాడు. అవి గెంతలేదు, వంతెనకే తగిలాయి. కొంచెం ఏటవాలుగా దిగుతూ వదిలితే బాంబు కోణం మారి, తగిలిన చోటే దిగబడుతుందని స్క్వాడ్రన్‌కి అర్థమైంది. దాన్నే సాధన చేసి ఒక పద్ధతిగా మలిచి 'గ్లిప్ బాంబింగ్' అని పేరు పెట్టుకున్నారు. ఆ తర్వాత వాళ్ళు కూల్చిన వంతెనలు వందకు పైనే. 490వ స్క్వాడ్రన్‌కి 'బర్మా బ్రిడ్జ్ బస్టర్స్' అనే పేరు అలా స్థిరపడింది.

అదే నెలలో గ్రూప్ ప్రధాన కార్యాలయం చైనాలోని కున్మింగ్‌కి మారింది. 490 మాత్రం ఇంకొంతకాలం ఇటువైపే ఉండిపోయింది. మిగతా స్క్వాడ్రన్లు చైనాలో, ఫ్రెంచి ఇండోచైనాలో రైళ్ళ మీద, వంతెనల మీద, సముద్రంలో ఓడల మీద దాడులు చేశాయి. 1944 డిసెంబరు నుంచి 1945 మార్చి వరకు ఇండోచైనాలో చేసిన పనికి గ్రూప్‌కి పెద్ద గౌరవం దక్కింది. యుద్ధం అయిపోగానే 1945 నవంబరులో దళాన్ని రద్దు చేశారు. తర్వాత కొన్నాళ్ళు రిజర్వు దళంగా పేరుకి ఉండి, అదీ ఆగిపోయింది.

ఈ తొలి భాగం మీద ఇంతసేపు ఉండడానికి కారణముంది. ఆ దళంలో ఒక మనిషి పొద్దున వెళ్ళి, వంతెన కళ్ళారా చూసి, బాంబు వేసి, అది కూలిందో లేదో చూసి సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. రాకపోతే అతని మంచం ఖాళీగా ఉండేది. పని జరిగిందా లేదా అన్నది ఫొటోలో కనపడేది. ఆ తర్వాతి ఎనభై ఏళ్ళలో ఇదే నంబరు కింద పనిచేసిన వాళ్ళకి ఈ తృప్తి దొరకలేదు.

పావుగంట లెక్క

1955 సెప్టెంబరులో టెక్సస్‌లోని ఆబిలీన్ స్థావరంలో 341 మళ్ళీ ప్రాణం పోసుకుంది. ఈసారి పేరు 341వ బాంబార్డ్‌మెంట్ వింగ్. మరుసటి ఏడాది ఆ స్థావరానికే డైస్ అని పేరు మార్చారు. యజమాని స్ట్రాటజిక్ ఎయిర్ కమాండ్. సోవియట్ యూనియన్‌తో యుద్ధం వస్తే అణుబాంబులు తీసుకెళ్ళి వేయడమే ఈ కమాండ్ పని. 'స్ట్రాటజిక్' అన్న మాట ఇక్కడ ముఖ్యం. బర్మాలో వంతెన కూలిస్తే ముందు వరసలో యుద్ధం నడక మారుతుంది. స్ట్రాటజిక్ బాంబర్ గురి శత్రుదేశం గుండెకాయ మీదే ఉంటుంది. అంటే నగరాలు, కర్మాగారాలు, వైమానిక స్థావరాలు.

విమానం కూడా మారింది. బి-47 స్ట్రాటోజెట్‌కి ఆరు జెట్ ఇంజిన్లు, లోపల మామూలుగా ముగ్గురే మనుషులు, వేగం గంటకి దాదాపు 970 కిలోమీటర్లు. అయితే ఒకేసారి అమెరికా నుంచి రష్యాకి వెళ్ళి తిరిగొచ్చేంత ఇంధనం పట్టదు. దారిలో గాల్లోనే కేసీ-97 ట్యాంకర్ నుంచి నింపుకోవాలి. ఆ ట్యాంకర్‌వి పాతకాలపు ప్రొపెల్లర్ ఇంజిన్లు. దానితో కలిసి ఎగరాలంటే జెట్ బాంబర్ కిందికి దిగి వేగం తగ్గించుకోవాలి. ఈ కష్టం తప్పించుకోవడానికి బాంబర్లను వంతులవారీగా బ్రిటన్, స్పెయిన్, మొరాకో స్థావరాల్లో ఉంచేవారు.

1957లో లెక్కంతా తారుమారైంది. ఆగస్టులో సోవియట్ యూనియన్ ఖండాంతర క్షిపణిని పరీక్షించింది, అక్టోబరు 4న అదే రాకెట్‌తో స్పుత్నిక్‌ని కక్ష్యలో పెట్టింది. క్షిపణి అరగంటలో వస్తుంది. రాడార్‌లో కనపడ్డాక మిగిలేది పావుగంట. ఆలోగా గాల్లోకి లేవని బాంబర్ నేల మీదే బూడిదైపోతుంది. అందుకని బాంబర్లలో మూడో వంతు ఎప్పుడూ ఇంధనంతో, బాంబులతో రన్‌వే చివర సిద్ధంగా ఉండాలని తీర్మానించారు. సైరన్ మోగితే పైలట్లు నిద్రలోంచి లేచి పరుగెత్తాలి. ఆ టెన్షన్ రోజుల తరబడి, నెలల తరబడి.

ఆ సిద్ధంగా ఉండటానికి చెల్లించిన ధర ఒకటి రికార్డుల్లో ఉంది. 1958 నవంబరు 4న డైస్ నుంచి లేచిన బి-47కి మంటలంటుకున్నాయి. అందులో అణ్వాయుధం ఉంది. 1,500 అడుగుల ఎత్తు నుంచి విమానం కూలింది. ముగ్గురు బయటికి దూకి బతికారు, ఒకరు చనిపోయారు. ఆయుధంలోని మామూలు పేలుడు పదార్థం పేలి 35 అడుగుల వెడల్పు, 6 అడుగుల లోతు గొయ్యి పడింది. అణు విస్ఫోటం జరగలేదు, అణు పదార్థాన్ని అక్కడే దగ్గర్లో ఏరి తీశారు. మనుషులున్న ఊరి పక్కన జరిగిందిది.

ఘన ఇంధనం తెచ్చిన మార్పు

బాంబర్‌కి పావుగంట చాలకపోతే మనమూ క్షిపణులు పెట్టుకుందాం అన్నారు. కానీ అమెరికా తొలి ఖండాంతర క్షిపణులు అట్లాస్, టైటాన్‌లలో ద్రవ ఇంధనం వాడేవారు. అట్లాస్‌కి కిరోసిన్ లాంటి ఇంధనం, దానికి తోడు మైనస్ 183 డిగ్రీల దగ్గర మరిగే ద్రవ ఆక్సిజన్. అలాంటి దాన్ని ముందే నింపి ఉంచలేరు, ఆవిరైపోతుంది. ఆజ్ఞ వచ్చాక నింపాలి. అంటే మళ్ళీ అదే పావుగంట సమస్య. పైగా ఒక్కో క్షిపణికి పెద్ద సిబ్బంది, పైపులు, పంపులు, ఎప్పుడేం పేలుతుందోనన్న భయం.

దీనికి జవాబుగా వచ్చింది మినిట్‌మన్. అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో నిమిషంలో తుపాకీతో సిద్ధమయ్యే పల్లె సైనికుల పేరు అది. ఇందులో ఇంధనం రబ్బరులా గట్టిపడి, క్షిపణి గొట్టంలోనే పోతపోసి ఉంటుంది. దీపావళి చిచ్చుబుడ్డిలో మందు దట్టించినట్టే అనుకోవచ్చు. ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది, నిప్పు తగిలితే మండుతుంది. నిమిషంలో లేస్తుంది. ఇదే ప్రయాణం మన దగ్గరా జరిగింది. హైదరాబాద్ డీఆర్‌డీఓ ల్యాబుల్లో రూపుదిద్దుకున్న తొలి పృథ్విది ద్రవ ఇంధనం, తర్వాత వచ్చిన అగ్ని-5ది ఘన ఇంధనం. కారణం కూడా అదే.

1961 జూన్‌లో డైస్‌లో బాంబర్ల వింగ్‌ని ఆపేశారు. మూడు వారాలకే, జులై 15న, మాల్మ్‌స్ట్రోమ్‌లో అదే నంబరుతో 341వ స్ట్రాటజిక్ మిస్సైల్ వింగ్ పుట్టింది. ప్రపంచంలో మొట్టమొదటి మినిట్‌మన్ దళం ఇదే. 10, 12, 490 నంబర్ల స్క్వాడ్రన్లు కూడా టెక్సస్ నుంచి ఇటు వచ్చాయి. వంతెనలు కూల్చిన 490 ఇప్పుడు క్షిపణుల స్క్వాడ్రన్ అయింది.

మోంటానానే ఎందుకు? అమెరికా నుంచి రష్యాకి దగ్గరి దారి ఉత్తర ధ్రువం మీదుగా వెళ్తుంది, మోంటానా ఉత్తరపు అంచున ఉంది. తొలి మినిట్‌మన్‌కి అనుకున్నంత దూరం వెళ్ళే శక్తి లేకపోవడం వల్ల వీలైనంత ఉత్తరాన, వీలైనంత ఎత్తైన నేల మీద పెట్టాల్సి వచ్చింది. జనం పలచగా ఉండడం ఇంకో కారణం. మరో విచిత్రం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇదే గ్రేట్ ఫాల్స్ మీదుగా, అలాస్కా దారిలో, అమెరికా దాదాపు 8,000 విమానాలను సోవియట్ యూనియన్‌కి సాయంగా పంపింది. ఇరవై ఏళ్ళు తిరక్కుండానే అదే ఊరి చేలల్లో క్షిపణులు మొలిచి అదే దేశం వైపు చూశాయి.

1962 అక్టోబరు

క్యూబాలో సోవియట్ క్షిపణులు కనపడి ప్రపంచం ఊపిరి బిగపట్టిన ఆ రెండు వారాల్లో మాల్మ్‌స్ట్రోమ్ ఇంకా నిర్మాణంలో ఉంది. అయినా అక్టోబరు చివర్లో ఆల్ఫా-06 అనే సైలోలోని (సైలో అంటే క్షిపణిని నిలబెట్టి ఉంచే భూగర్భ గొయ్యి) క్షిపణిని యుద్ధానికి సిద్ధం చేశారు. అమెరికాలో అలర్ట్ మీదికి ఎక్కిన తొలి మినిట్‌మన్ అదే. పేకాటలో చేతిలో దాచుకున్న ఆసు లాంటిదని ప్రెసిడెంట్ కెనెడీ దాని గురించి అన్నాడని చెబుతారు. దాని గుర్తుగానే 10వ స్క్వాడ్రన్ ఈనాటికీ 'ఫస్ట్ ఏసెస్' అని చెప్పుకుంటుంది.

దళం గర్వంగా చెప్పుకునే ఈ కథకి రెండో పక్క కూడా ఉంది. మినిట్‌మన్‌ని ప్రయోగించాలంటే ఒక కంట్రోల్ సెంటర్ ఆజ్ఞ చాలదు, రెండో సెంటర్ కూడా ఒప్పుకోవాలి. ఎవరో ఒకరిద్దరు మతి తప్పి యుద్ధం మొదలుపెట్టకుండా ఆపే గొళ్ళెం అది. అక్టోబరులో మాత్రం పనికొచ్చే సెంటర్ ఒక్కటే ఉంది. క్షిపణిని సిద్ధం చేయాలనే తొందరలో సాంకేతిక సిబ్బంది ఆ ఏర్పాటుని పక్కదారి పట్టించి పని కానిచ్చారు. ప్రపంచం అణుయుద్ధం అంచున నిలబడ్డ రోజుల్లోనే, ఆ యుద్ధం పొరపాటున మొదలు కాకుండా ఆపాల్సిన గొళ్ళెం అరకొరగా ఉంది. నాకు ఇది క్యూబా సంక్షోభంలోకెల్లా భయపెట్టే విషయం.

గోధుమ చేల కింద

1963 జులైకి మూడు స్క్వాడ్రన్లలో 150 క్షిపణులు సిద్ధమయ్యాయి. తర్వాత నాలుగో స్క్వాడ్రన్ 564 చేరి లెక్క 200కి పెరిగింది. దాన్ని 2008లో తీసేశారు, మళ్ళీ 150 సైలోలే మిగిలాయి. ఇవి పరుచుకున్న నేల సుమారు 13,800 చదరపు మైళ్ళు, అంటే దాదాపు తెలంగాణలో మూడో వంతు. ప్రతి పది క్షిపణులకు ఒక లాంచ్ కంట్రోల్ సెంటర్, ఐదు సెంటర్లు కలిస్తే ఒక స్క్వాడ్రన్. సైలోకీ సైలోకీ మధ్య మైళ్ళ దూరం. ఒక్క బాంబుతో రెండు పోకూడదని అలా విసిరేసినట్టు పెట్టారు. ఎకరం రెండెకరాల ముక్క, చుట్టూ ఇనుప కంచె, మధ్యలో కాంక్రీటు మూత. దాని పక్కనే రైతు ట్రాక్టర్ నడుపుకుంటూ ఉంటాడు. క్షిపణులు మోసే బరువైన లారీల కోసం బాగుచేసిన రోడ్ల మీదే ఆయన గోధుమలూ బజారుకి వెళ్తాయి.

ఈ రైతు గురించి వ్యూహకర్తలు ఒక మాట వాడతారు, 'స్పాంజి'. శత్రువు ఈ క్షిపణులను నాశనం చేయాలంటే ఒక్కో సైలో మీద ఒకటో రెండో బాంబులు ఖర్చు పెట్టాలి. అలా శత్రువు బాంబులను పీల్చేసుకునే స్పాంజిలా ఈ మైదానం పనిచేస్తుందట. నగరాల మీద పడాల్సినవి కొన్ని ఇక్కడ పడతాయని లెక్క. కాగితం మీద ఆ లెక్క సరిగ్గానే ఉండొచ్చు. అక్కడ పిల్లలు బస్సెక్కి బడికి వెళ్తున్నారు, ఆ మాట వాడేవాళ్ళు ఒక్కసారి ఆ పిల్లల ముందు నిలబడి అనగలరా అని నాకనిపిస్తుంది.

భూమి కింద కాంక్రీటు గుళికలో, టన్నుల బరువున్న తలుపు వెనక, ఇద్దరు ఆఫీసర్లు 24 గంటల డ్యూటీ చేస్తారు. వీళ్ళని 'మిస్సైలీర్లు' అంటారు. ఆజ్ఞ అధ్యక్షుడి నుంచే రావాలి. వస్తే ఇద్దరూ కోడ్ సరిచూసుకోవాలి, ఇద్దరూ ఒకేసారి తాళం తిప్పాలి. ఒక్క మనిషి చేతులు చాచినా రెండు తాళాలూ అందనంత దూరంలో ఉండేలా తొలి సెంటర్లను కట్టారు. ఆపైన ఇంకో సెంటర్ కూడా అదే ఆజ్ఞ పంపాలి, అప్పుడే క్షిపణి లేస్తుంది. ఒకసారి లేచిందా, వెనక్కి పిలవడం కుదరదు. బాంబర్‌ని సగం దారిలో వెనక్కి రమ్మనొచ్చు. ఆ ఒక్క తేడా చాలు, ఈ పని బాంబర్ పైలట్ పనికన్నా మనసు మీద ఎంత బరువో చెప్పడానికి.

యంత్రాలు కూడా భయపెట్టిన రోజులున్నాయి. 1967 మార్చి 16న ఎకో ఫ్లైట్‌లోని (ఫ్లైట్ అంటే ఒక సెంటర్ కింద ఉండే పది క్షిపణుల గుంపు) పది క్షిపణులూ కొద్ది సెకన్ల తేడాలో మొరాయించాయి. ఒక్కటీ ప్రయోగానికి పనికిరాలేదు. నెలల పాటు దర్యాప్తు చేసి, విద్యుత్ తరంగం ఒకటి దారితప్పి కంట్రోల్ సర్క్యూట్లలోకి దూరిందని తేల్చారు. ఎగిరే పళ్ళాల కథలు ఆ సంఘటన చుట్టూ ఇప్పటికీ తిరుగుతుంటాయి.

1970లో అమెరికాలో మినిట్‌మన్-3 వచ్చింది. మాల్మ్‌స్ట్రోమ్‌లో మాత్రం చాలావరకు మినిట్‌మన్-2లే ఉండేవి. 1991 సెప్టెంబరులో జార్జ్ బుష్ ఆజ్ఞతో వాటన్నిటినీ ఒక్కసారిగా అలర్ట్ నుంచి దించేశారు, క్రమంగా మూడో రకం పెట్టారు. ఒకప్పుడు ఒక క్షిపణిలో మూడు వార్‌హెడ్‌లు, అంటే మూడు అణుబాంబులు, ఉండేవి. ఒప్పందాల ప్రకారం తగ్గిస్తూ వచ్చి, 2014 జూన్‌కి ఒక్కొక్కటే మిగిల్చారు. ఒక్కటంటే తక్కువనుకోవద్దు. హిరోషిమా బాంబు శక్తి 15 కిలోటన్నులు, ఇది సుమారు 300. ఈ మధ్యలో దళం యజమానులూ మారారు. స్ట్రాటజిక్ ఎయిర్ కమాండ్ 1992లో రద్దయింది. కొన్నాళ్ళు స్పేస్ కమాండ్ కింద ఉండి, పేరు కూడా స్పేస్ వింగ్ అయింది. 2009 చివర్లో గ్లోబల్ స్ట్రైక్ కమాండ్ కిందికి వచ్చింది. అణు బాంబర్లను కూడా ఆ కమాండ్ కిందికే తెచ్చారు.

నూటికి నూరు

2014 జనవరిలో మాల్మ్‌స్ట్రోమ్ ఒక్కసారిగా వార్తల్లోకెక్కింది. కొందరు ఆఫీసర్ల మీద డ్రగ్స్ దర్యాప్తు జరుగుతుంటే, ఫోన్లలో పరీక్ష జవాబులు బయటపడ్డాయి. మిస్సైలీర్లకి నెలనెలా రాత పరీక్షలుంటాయి. ఆ జవాబులను ఒకరికొకరు మెసేజ్‌లలో పంపుకుంటున్నారు. మొదట 34 మంది అన్నారు. తవ్వుకుంటూ పోతే 92 మంది తేలారు. అక్కడ పనిచేసే మిస్సైలీర్లలో దాదాపు సగం. మార్చిలో తొమ్మిది మంది కమాండర్లను తొలగించారు, వింగ్ కమాండర్ రాజీనామా చేశాడు.

అణు క్షిపణుల కాపలాదారులు కాపీ కొట్టారంటే వినగానే వణుకు పుడుతుంది. కారణం తెలిస్తే వేరే బాధ కలుగుతుంది. పాస్ కావాలంటే 90 మార్కులు చాలు. కానీ ప్రమోషన్ కావాలంటే 100 రావాలని అందరికీ తెలుసు. 97 తెచ్చుకున్నవాడు వెనకబడ్డవాడే. ఎంసెట్ రోజులు చూసిన ఇళ్ళకి ఇది కొత్తగా వివరించనక్కర్లేదు. పై అధికారులకి ఇంకో కొలబద్ద లేదు. పైలట్ అయితే ఎగరడం చూస్తారు. బర్మాలో అయితే కూలిన వంతెనలు లెక్కపెట్టారు. క్షిపణి దగ్గర కూర్చున్నవాడి పని గొప్పగా జరిగిందంటే ఏమీ జరగలేదని అర్థం. ఏమీ జరగకపోవడంలో ఎవరు మెరుగో ఎలా తేలుస్తారు? అందుకని చేతికందిన పరీక్ష మార్కునే తూనికరాయి చేసుకున్నారు. తెలివైన పిల్లలు, పని వచ్చినవాళ్ళు, 90ని సులువుగా దాటగలిగినవాళ్ళు, ఆ చివరి పది మార్కుల కోసం తప్పు చేశారు. ఆ తర్వాత మార్కులు తీసేసి పరీక్షను పాస్, ఫెయిల్ అని మాత్రమే పెట్టారు. జీతంలో అదనపు భత్యం ఇచ్చారు. తప్పు చేసినవాళ్ళని సమర్థించడానికి ఇది చెప్పడం లేదు. ప్రపంచంలోకెల్లా ప్రమాదకరమైన ఉద్యోగాల్లో ఒకదాన్ని ఎంతటి విసుగు పాలిస్తుందో బయటివాళ్ళకి అప్పుడే తెలిసింది.

2023 మొదట్లో ఇంకో సంగతి బయటికొచ్చింది. మాల్మ్‌స్ట్రోమ్‌లో పనిచేసిన మిస్సైలీర్లలో కొందరికి రక్త సంబంధిత క్యాన్సర్లు వచ్చాయని ఫిర్యాదులు రావడంతో వైమానిక దళం అధ్యయనం మొదలుపెట్టింది. ఆ ఆగస్టులో అక్కడి కంట్రోల్ సెంటర్లలో పీసీబీలు పరిమితికి మించి దొరికాయి. ఇవి పాత విద్యుత్ పరికరాల్లో వాడే రసాయనాలు, క్యాన్సర్‌కి కారణమవుతాయన్న అనుమానంతో అమెరికా 1979లోనే తయారీ నిషేధించింది. కిటికీ లేని గదిలో అరవై ఏళ్ళుగా తరాలు తరాలు పీల్చిన గాలి అది. శత్రువు నుంచి కాపాడడానికి అంత లోతున కట్టిన గదే లోపలివాళ్ళకి హాని చేసిందేమోనన్న ప్రశ్నకి సైన్యం నిజాయితీగా జవాబు చెప్పాలి. అదే ఏడాది ఫిబ్రవరి మొదట్లో చైనా బెలూన్ ఒకటి మోంటానా మీద తేలుతూ కనపడి ప్రపంచమంతా గోల చేసింది. వార్తల్లో బెలూన్‌కి దొరికిన చోటులో పదో వంతు కూడా ఆ క్యాన్సర్ రోగులకి దొరకలేదు.

మినిట్‌మన్-3ని తయారుచేసినప్పుడు పదేళ్ళు పనిచేస్తే చాలనుకున్నారు. యాభై ఏళ్ళు దాటినా ఇంకా అదే ఉంది. ఇంధనం మార్చి, దారి చూపే గైడెన్స్ మార్చి నెట్టుకొస్తున్నారు. దీని స్థానంలో రావాల్సిన సెంటినల్ క్షిపణి ఖర్చు 2024 లెక్కల్లో 81 శాతం పెరిగి దాదాపు 141 బిలియన్ డాలర్లకి చేరింది. పాత సైలోలనే బాగుచేసి వాడుకుందామనుకున్నారు. చాలా చోట్ల కొత్తవి తవ్వక తప్పదని 2025లో చెప్పారు. అంటే మోంటానా చేలల్లో మళ్ళీ తవ్వకాలు, మళ్ళీ లారీలు, మళ్ళీ రైతులతో భూమి బేరాలు.

అంతవరకూ 490వ స్క్వాడ్రన్ పని ఆగదు. మంచు పడుతున్నా సరే, ఇద్దరు ఆఫీసర్లు స్థావరం నుంచి బండేసుకుని బయల్దేరతారు. ఆ పని చేసేవాళ్ళలో ఎక్కువమంది ముప్ఫై లోపు పిల్లలు. గోధుమ చేల మధ్య గంటలకొద్దీ ప్రయాణించి, లిఫ్టులో కిందికి దిగి, రాత్రంతా లోపలున్న ఇద్దరినీ ఇళ్ళకి పంపి, ఆ బరువైన తలుపు మూసుకుంటారు.